గేటుకు ఇవతల, గేటుకు అవతల

రాయ్‌పూర్ స్టేషన్లో బండి దిగి, ఆటో అతన్ని పిలిచి, "వ్యాగన్ రిపేర్ షాప్ కాలనీకి వస్తావా" అని అడిగి చూడండి. మిమ్మల్ని ఎగాదిగా చూస్తాడు. అదే "డబ్ల్యూఆర్ఎస్" అనండి. ఇంకో మాట లేకుండా మీ సంచీ అందుకుని లోపల పెడతాడు. మూడు ఇంగ్లీషు అక్షరాలు అక్కడ ఊరి పేరైపోయాయి. గూడ్సు బండ్ల డబ్బాలను విప్పి, బాగుచేసి, మళ్లీ పట్టాల మీదికి తోసే రైల్వే కార్ఖానా అది. అక్కడివాళ్లు కార్ఖానా అని కూడా అనరు, షాపు అంటారు. మా చిన్నప్పుడు "నాన్న షాపుకెళ్లాడు" అంటే, సెలవులకు ఊరి నుంచి వచ్చిన మా మేనత్త "ఏటి కొనడానికిరా?" అని అడిగేది.

నేను ఆ కాలనీలో పెరిగాను. ఆ తర్వాత పాతికేళ్లు కాలేజీలో సమాజశాస్త్రం చెప్పాను. ఆధునిక సమాజాన్ని ఇప్పటి సమాజశాస్త్ర సిద్ధాంతాలు ఎలా వివరిస్తున్నాయో చెప్పమని నన్ను ఇవాళ పిలిచారు. పాఠం చెప్పినన్నాళ్లూ నాకొక గుంజాటన ఉండేది. ఈ సిద్ధాంతాలు రాసినవాళ్లు లండన్‌లోనో, పారిస్‌లోనో, మ్యూనిక్‌లోనో కూర్చుని రాశారు. వాటిని తెచ్చి మా కాలనీ గోడ పక్కన నిలబెడితే ఏమవుతుంది? కొన్ని కొలిచి కుట్టినట్టు సరిపోతాయి. కొన్ని మాత్రం గోడకు ఒక పక్క నుంచి చూస్తేనే నిజం అనిపిస్తాయి. ఆ రెండో రకం గురించే ఎక్కువ చెబుతాను.

ముందు, తెలుగువాళ్లు అక్కడికి ఎలా చేరారో కొంచెం చెప్పాలి. 1887లో బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ పుట్టింది. 1891 కల్లా నాగపూర్ నుంచి రాయ్‌పూర్, బిలాస్‌పూర్ మీదుగా అసన్‌సోల్ దాకా లైను పడింది. మన వైపు లైను చాలాకాలం పార్వతీపురం దగ్గరే ఆగిపోయింది. అక్కడి నుంచి కొండలు దాటి, రాయగడ, టిట్లాగఢ్ మీదుగా రాయ్‌పూర్‌ను కలిపే పని 1931లో గానీ పూర్తి కాలేదు. బొగ్గు, ఖనిజం, బియ్యం విశాఖ రేవుకు చేరడానికి వేసిన దారి అది. ఆ దారినే మనుషులు ఎదురు నడిచారు. శ్రీకాకుళం, విజయనగరం పల్లెల నుంచి గ్యాంగ్‌మన్లుగా, ఖలాసీలుగా, ఫిట్టర్లుగా, ఫైర్‌మన్లుగా పైకి వెళ్లారు. మా నాన్నది బొబ్బిలి దగ్గర పల్లె. వాళ్ల మేనమామ ముందు వెళ్లాడు. ఆయన వెనక మా నాన్న, మా నాన్న వెనక మరో ఇద్దరు. ఒక్కో క్వార్టరు వరండాలో ఒకప్పుడు నలుగురేసి కుర్రాళ్లు పడుకునేవారట, ఉద్యోగం దొరికేదాకా.

ఇంగ్లండు సమాజశాస్త్రవేత్త ఆంథొనీ గిడెన్స్ 1990లో ఆధునికత పర్యవసానాల మీద ఒక పుస్తకం రాశాడు. ఆధునిక సమాజం మనుషుల సంబంధాలను వాళ్ల ఊళ్ల నుంచి, ముఖాముఖి పరిచయాల నుంచి పెకలించి, ఎక్కడో దూరాన ఉన్న వ్యవస్థలకు తగిలిస్తుందని ఆయన మాట. మన ఊరి షావుకారును కాక, ముఖం తెలియని బ్యాంకును నమ్ముతాం. బండి నడిపే డ్రైవరు ఎవరో తెలియకుండానే రాత్రంతా బెర్తు మీద నిద్రపోతాం. ఇదంతా నిజమే. గిడెన్స్ అక్కడితో ఆగలేదు. పెకలించినవి మళ్లీ నాటుకుంటాయి అన్నాడు. చాలామంది పాఠం చెప్పేటప్పుడు ఈ రెండో సగాన్ని వదిలేస్తారు. వరి పండించేవాళ్లకు దీన్ని విడమరిచి చెప్పక్కర్లేదు. నారు పీకేది పారెయ్యడానికి కాదు గదా. ఛత్తీస్‌గఢ్‌ను అక్కడివాళ్లు 'ధాన్ కా కటోరా' అంటారు, ధాన్యపు గిన్నె అని. మా వాళ్లు ఒక వరి నేల నుంచి ఊడి ఇంకో వరి నేలలో పడ్డారు. మధ్యలో ఒక రైల్వే కంపెనీ ఉంది, అంతే తేడా.

ఇక్కడ ఒక చిన్న పిట్టకథ. శ్యామాచరణ్ దూబే అని గొప్ప మానవశాస్త్రవేత్త ఉండేవారు. ఆయన మొదట ఛత్తీస్‌గఢ్ అడవుల్లోని కమార్ తెగ మీద పరిశోధన చేశారు. అది 1951లో పుస్తకంగా వచ్చింది. తర్వాత ఉస్మానియా విశ్వవిద్యాలయంలో ఉండగా హైదరాబాదు దగ్గర శామీర్‌పేట అనే పల్లెను అధ్యయనం చేశారు. 1955లో వచ్చిన ఆ పుస్తకం భారతీయ గ్రామం మీద ఇప్పటికీ చదివించే పాఠ్యగ్రంథం. మా వాళ్లు తెలుగు పల్లెల నుంచి ఛత్తీస్‌గఢ్‌కు వెళుతున్న కాలంలోనే, ఒక పండితుడు ఛత్తీస్‌గఢ్ తెగల దగ్గర నుంచి తెలుగు పల్లెకు వచ్చాడన్నమాట. ఏ పల్లే తనకు తానే ఒక లోకం కాదని దూబే గట్టిగా చెప్పారు. శామీర్‌పేట ఇప్పుడు హైదరాబాదులో కలిసిపోతున్న శివారు. దాని పక్కనే మందుల పరిశోధన కంపెనీల జీనోమ్ వ్యాలీ. పెకలింపు అంటే మనిషి రైలెక్కి పోవడం ఒక్కటే కాదు. కొన్నిసార్లు మనిషి కదలడు, ఊరే అతని కాళ్ల కింద నుంచి వెళ్లిపోతుంది.

సరే, మళ్లీ కాలనీకి వద్దాం.

రైల్వే కాలనీలో ఇళ్లు కులాన్ని బట్టి ఇవ్వరు, జీతాన్ని బట్టి ఇస్తారు. టైప్ వన్, టైప్ టూ, టైప్ త్రీ. మా వరసలో ఒకవైపు బిలాస్‌పూర్ జిల్లా సత్నామీ దళిత కుటుంబం, ఇంకోవైపు ఖరగ్‌పూర్ నుంచి బదిలీ మీద వచ్చిన బెంగాలీలు, ఎదురుగా ఒడియా వాళ్లు. ఊళ్లో ఉండి ఉంటే మా నాయనమ్మ వీళ్లలో సగంమంది చేతి నీళ్లు ముట్టుకునేది కాదు. ఇక్కడ బావి లేదు, కుళాయి ఒకటే, అది కూడా రైల్వేది. తన కులం నీళ్లు తను తెచ్చుకునే వీలే లేకపోయింది ఆమెకు. కొన్నాళ్లు సణిగి ఊరుకుంది. సంస్కారం మారిందని నేను అనను, కుళాయి మారింది.

మరి కులం పోయిందా? దాన్ని ఇంకోచోట చూడాలి. తెలుగు కుటుంబాలు పెళ్లి సంబంధాల కోసం మాత్రం రైలెక్కి కింది ఊళ్లకే పోయేవి. ఇంకా విచిత్రం కాగితాల్లో ఉంది. ఒక రాష్ట్రంలో రిజర్వేషన్ జాబితాలో ఉన్న కులం, వలస వెళ్లిన రాష్ట్రంలో ఆ జాబితాలో లేకపోవచ్చు. ఉన్నా మీకు వర్తించకపోవచ్చు. దీని మీద సుప్రీంకోర్టు తేల్చిన ముఖ్యమైన కేసు మన తెలుగువాడిదే. మర్రి చంద్రశేఖరరావు అనే విద్యార్థి తొమ్మిదేళ్ల వయసులో తండ్రి ఉద్యోగం వెంట ఆంధ్రప్రదేశ్ నుంచి బొంబాయి వెళ్లాడు. అక్కడే చదివాడు. వైద్య విద్యలో గిరిజన కోటా కింద సీటు అడిగితే మహారాష్ట్ర కాదంది. 1990లో సుప్రీంకోర్టు కూడా కాదంది. ఒక కులం వెనుకబాటు ఆ రాష్ట్రపు సామాజిక పరిస్థితులకు సంబంధించింది కాబట్టి, మనిషి సరిహద్దు దాటితే ఆ హోదా వెంట రాదని తీర్పు. మా కాలనీ పిల్లల్లో ఈ మాట అనుభవంలోకి రానివాళ్లు తక్కువ. ఇంట్లో, పెళ్లిళ్లలో కులం ఉంటుంది. తహశీల్ ఆఫీసు కిటికీ దగ్గర ఉండదు. అవమానం బండెక్కి వెంట వచ్చింది, దానికి ఇచ్చే పరిహారం మాత్రం రాయగడ దాటి రాలేదు. సమాజంలోని విభజనలు ప్రభుత్వం గీసే గళ్లలో పడినప్పుడు కొత్త రూపం ఎత్తుతాయని ఇప్పటి సిద్ధాంతకారులు వల్లిస్తూ ఉంటారు. నాకు అది ఏ పుస్తకంలోనూ ఇంత స్పష్టంగా కనబడలేదు.

పేరు సంగతి కూడా చెప్పాలి. మనకు ఇంటిపేరు ముందు వస్తుంది. హిందీ బడిలో మాస్టారికి చివర సర్‌నేమ్ కావాలి. పేరు చివర 'రావు' కనబడింది, అదే సర్‌నేమ్ చేసేశాడు. అలా ఏ కులం వాళ్లైనా, ఏ ఊరి వాళ్లైనా తెలుగువాళ్లంతా అక్కడ 'రావ్ జీ'లే. మా చెల్లెలు కూడా 'రావ్' మేడమే! ఒక్క రిజిస్టరు గడి మా మూడు తరాల ఇంటిపేరును ఒక ఇంగ్లీషు పొడి అక్షరంగా కుదించింది.

భాషది మరీ కష్టమైన కథ. పియర్ బూర్దియూ అనే ఫ్రెంచి సమాజశాస్త్రవేత్త, ఆస్తి అంటే డబ్బొక్కటే కాదన్నాడు. చదువు, మాటతీరు, ఎవరు తెలుసు అన్నవి కూడా పెట్టుబడే. అయితే ఏ పెట్టుబడి అయినా అది చెల్లే అంగట్లోనే చెల్లుతుంది. మా ఇంట్లో తెలుగు, బడిలో హిందీ, సంతలో ఛత్తీస్‌గఢీ, అర్జీల్లో ఇంగ్లీషు. నాలుగు అంగళ్లు, నాలుగు నాణేలు. ఉత్తరాంధ్ర యాసలో "బేగి రాండి" అనే మా అమ్మ, కూరలమ్మితో ఛత్తీస్‌గఢీలో బేరమాడి గెలిచేది. మా చెల్లెలు కోపం వస్తే "ఎందుకు" అనకుండా "కాబర్" అనేది. నాణేలు ఎక్కువైనకొద్దీ దేనికి ఎంత విలువో పిల్లలకు ఎవరూ చెప్పనక్కర్లేదు. తెలుగుతో ఉద్యోగం రాదని ఆరో ఏటికే తెలిసిపోతుంది.

దాని ఫలితం చెబుతాను. మా నాన్న ట్రంకు పెట్టెలో ఊరి నుంచి వచ్చిన పోస్టుకార్డులు ఓ కట్ట ఉంది. తాతగారి చేతిరాత. ఎవరికి కాన్పయింది, ఏ ఆవు ఈనింది, చెరువు కింద ఎంత పండింది, అన్నీ ఉన్నాయి. నా తోడబుట్టినవాళ్లలో ఆ కార్డులు చదవగలిగింది నేనొక్కణ్ణే. నేను కూడా సెలవుల్లో మామయ్య ఇంట్లో పట్టుబట్టి నేర్చుకోబట్టి. మా చెల్లెలికి తెలుగు వస్తుంది, గడగడా వస్తుంది, తెలుగు అక్షరం రాదు. ఇప్పుడు కుటుంబ వాట్సాప్ గుంపులో ఆమె తెలుగు మాటల్ని దేవనాగరిలో రాస్తుంది, ఆమె కొడుకు ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తాడు. మాన్యుయెల్ కాస్టెల్స్ 1996లో 'నెట్‌వర్క్ సమాజం' అని చెప్పిన దానికి మా ఇంటి గుంపు మంచి ఉదాహరణే. బొబ్బిలి, రాయ్‌పూర్, బెంగళూరు, డాలస్ ఒకే తెర మీద కలిశాయి. లిపి మాత్రం దారిలో ఎక్కడో దిగిపోయింది. కాస్టెల్స్ మీద నా ఫిర్యాదేమీ లేదు. అయితే ఆ గుంపులో రోజూ వచ్చే శుభోదయం బొమ్మల గురించి ఆయన ముందే హెచ్చరించి ఉండాల్సింది.

నాకు మటుకు అక్షరం కన్నా ముందు తెలుగు గొంతు తెలుసు. ఢిల్లీ నుంచి వచ్చే తెలుగు వార్తలు పొద్దున్నే గరగరలాడుతూ వినబడేవి. మా నాన్న డ్యూటీకి బయలుదేరుతూ, ఒక చెవి రేడియోకు, ఒక చెవి సైరనుకు ఇచ్చేవారు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తున్నాను. గేటు.

రాయ్‌పూర్‌కు పడమటగా అరగంట రైలు ప్రయాణంలో భిలాయి ఉంది. 1959 ఫిబ్రవరిలో మొదటి కొలిమి రాజుకున్న ఉక్కు నగరం. లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో పనిచేసిన జొనాథన్ పారీ అనే మానవశాస్త్రవేత్త 1993 నుంచి ఏళ్ల తరబడి అక్కడికి వచ్చి, కార్మికుల మధ్య తిరిగి, ఒక పెద్ద పుస్తకం రాశాడు. ఆధునిక భారత సమాజం గురించి మా ప్రాంతం లోకానికి ఇచ్చిన ఆలోచన ఏదైనా ఉందంటే, అది ఆ పుస్తకంలో ఉంది. పెద్ద పరిభాష ఏమీ కాదు, రెండు హిందీ మాటలు. 'నౌకరీ', 'కామ్'. పర్మనెంటు ఉద్యోగం నౌకరీ. మిగతాదంతా కామ్, అంటే పని. మనవైపూ ఇదే తేడా ఉంది. "అబ్బాయి ఉద్యోగం చేస్తన్నాడా?" అని అడిగితే, "లేదు, ఏదో పని చేసుకుంటన్నాడు" అంటారు. చేసేది అదే వెల్డింగ్ కావచ్చు, అదే సుత్తి కావచ్చు. ఒకటి ఉద్యోగం, ఒకటి పని.

ఈ రెండు రకాలవాళ్లూ ఒకే కార్మికవర్గంలో పై మెట్టు, కింది మెట్టు కారు, రెండు వేరు వేరు వర్గాలు అంటాడు పారీ. జీతంలో, పిల్లల చదువులో, పెళ్లి సంబంధాల్లో, ఆత్మహత్యల తీరులో కూడా తేడా ఉందని చూపించాడు. పాత మార్క్సిస్టు మిత్రులకు ఇది రుచించదు. నేను కాలేజీలో చెప్పినప్పుడు ఒకాయన లేచి, కార్మికులను చీలుస్తున్నావని కోప్పడ్డాడు. చీల్చింది పారీ కాదు, నేనూ కాదు. గేటు పాసు రంగు చీల్చింది.

మా ఇంట్లోనే చూడండి. మా నాన్న షాపులో ఫిట్టరు. ఒకసారి వ్యాగన్ తలుపు కొక్కెం జారి ఎడమచేతి రెండు వేళ్లు నలిగాయి. రైల్వే ఆసుపత్రిలో చేర్చారు, కుట్లు వేశారు, జీతంతో సెలవు, బాగయ్యాక కొన్నాళ్లు తేలిక పని. మా పెదనాన్న కొడుకు, అంటే మా అన్న, అదే ఊరి నుంచి పదేళ్ల తర్వాత వచ్చాడు. అప్పటికి షాపులో భర్తీలు ఆగిపోయాయి. రాయ్‌పూర్ శివారులో సిల్‌తరా వైపు ఒక ఇనుము కరిగించే ఫ్యాక్టరీలో కాంట్రాక్టరు కింద చేరాడు. ఒక రాత్రి కొలిమి దగ్గర చెయ్యి మోచేతి దాకా కాలింది. కాంట్రాక్టరు మనిషి ఆటో ఎక్కించి, చేతిలో వెయ్యి రూపాయలు పెట్టి పంపాడు. మర్నాటి హాజరు పట్టీలో అన్న పేరు లేదు. అంతకు ముందురోజు పట్టీలో కూడా ఉందో లేదో ఎవరికీ తెలియదు. ఇద్దరూ ఒకే ఇంటి మనుషులు, ఒకే యాస, ఒకే ఇనుము, కాలేదీ నలిగేదీ అదే చెయ్యి.

జిగ్మంట్ బౌమన్ 2000లో 'ద్రవ ఆధునికత' అనే మాట తెచ్చాడు. పోలండులో పుట్టి ఇంగ్లండులోని లీడ్స్‌లో స్థిరపడ్డ పెద్దాయన. ఒకప్పటి ఆధునిక సమాజం ఘనపదార్థం లాంటిదట. ఒక ఫ్యాక్టరీలో చేరితే అక్కడే పదవీ విరమణ, ఒకే ఇల్లు, ఒకే యూనియను. ఇప్పుడన్నీ కరిగి ప్రవహిస్తున్నాయి. ఉద్యోగం, ప్రేమ, ఊరు, ఏదీ ఒక ఆకారంలో నిలవదు. రిటైరైన రైల్వే మనిషి ఎవరికైనా ఈ మాట చదివి వినిపించండి, "అయ్యో, మా సంగతే రాశాడు" అంటాడు.

లెక్కలు కూడా ఆ పక్కనే ఉన్నాయి. 1990ల మొదట్లో భారతీయ రైల్వేలో 16 లక్షలకు పైగా ఉద్యోగులుండేవారు. ఇప్పుడు సుమారు 12 లక్షలు. బండ్లు పెరిగాయి, సరుకు ఎన్నో రెట్లు పెరిగింది, మనుషులు తగ్గారు. 2004 జనవరి 1 నుంచి చేరినవాళ్లకు పాత పింఛను పోయింది, మార్కెట్టుతో ముడిపడ్డ కొత్త పింఛను వచ్చింది. 2018లో దాదాపు 90 వేల కింది స్థాయి కొలువులకు రైల్వే దరఖాస్తులు పిలిస్తే రెండు కోట్లకు మించి వచ్చాయి. ఘనపదార్థం ఎంత కరిగితే, మిగిలిన గడ్డ కోసం అంత పెద్ద వరస.

అయినా బౌమన్‌తో నాకు పేచీ ఉంది. ఘనంగా ఉండేది అన్నాడే, ఎవరికి? మా క్వార్టరు వరండాలో నిలబడి చూస్తే అవును, ఒకప్పుడు అంతా గట్టిగా ఉండేది, ఇప్పుడు కరిగింది. గోడ అవతల, ఖమ్తరాయ్ వైపు, గుఢియారి వైపు పూరిళ్లలో ఉన్నవాళ్లను అడగండి. వాళ్లకు ఏనాడు గట్టిగా ఉంది? వాన పడితే పొలం, పడకపోతే ఇటుక బట్టీలకు వలస. మా కాలనీలో అంట్లు తోమడానికి వచ్చిన ఛత్తీస్‌గఢీ ఆమె బతుకు 1970లో ఎంత ద్రవమో 2000లోనూ అంతే ద్రవం. ఆమె గురించి ఎవరూ కొత్త సిద్ధాంతం చేయలేదు. నౌకరీ ఉన్న ఇంటి కొడుక్కి నౌకరీ రానప్పుడు, అప్పుడు సమాజం కరిగిపోయిందని లోకానికి తెలిసింది. లీడ్స్‌లో ఉన్నా, రాయ్‌పూర్‌లో ఉన్నా, ఈ ద్రవ సిద్ధాంతం క్వార్టరు వరండాలో నుంచి చేసిన ఫిర్యాదు. నిజమైన ఫిర్యాదే. కాకపోతే గోడకు ఇవతలిది.

గట్టిదనం కూడా ఊరికే రాలేదు. 1974 మే 8న దేశమంతటా 17 లక్షల మంది రైల్వే కార్మికులు సమ్మెకు దిగారు. 27 దాకా నడిచింది. ఎందరో అరెస్టయ్యారు, ఉద్యోగాలు పోగొట్టుకున్నారు, చాలాచోట్ల కుటుంబాలను క్వార్టర్ల నుంచి వెళ్లగొట్టారు. ఇల్లిచ్చిన చెయ్యే ఇల్లు లాక్కోగలదని మా అమ్మ తరం అప్పుడు తెలుసుకుంది. సైరను, గేటు, హాజరు, క్వార్టరు, వీటన్నిటినీ కలిపి మిషెల్ ఫూకో 'క్రమశిక్షణ' అన్నాడు. మా అమ్మ అయితే "రైల్వే వాడు అన్నం పెడతాడు, చెవి కూడా పట్టుకుంటాడు" అనేది.

నౌకరీ ఆస్తిగా మారినప్పుడు వారసత్వం ప్రశ్న వస్తుంది. 2004లో రైల్వే ఒక పథకం తెచ్చింది. గ్యాంగ్‌మన్ల వంటి భద్రతా విభాగాల వాళ్లు ముందుగా విరమించుకుంటే, అర్హత ఉన్న వారసుడికి ఆ ఉద్యోగం. 2010లో దాన్ని ఇంకొన్ని వర్గాలకు విస్తరించారు. ప్రభుత్వ కొలువు అందరిదీ, తండ్రి కొడుక్కి ఇచ్చుకునేది కాదని పంజాబ్-హర్యానా హైకోర్టు ప్రశ్నించింది. చివరికి పథకమే ఎత్తేశారు. మా నాన్న స్నేహితులు చాలా బాధపడ్డారు. "రైతు పొలం కొడుక్కి ఇవ్వడా?" అన్నారు. ఆ మాటలో న్యాయం లేదని నాకు తెలుసు. అయినా కొట్టిపారేయలేకపోయాను. ముప్పయ్యేళ్లు దున్నిన తర్వాత అది పొలంలాగే అనిపిస్తుంది.

జర్మన్ పండితుడు ఉల్రిష్ బెక్ మాట ఒక్క నిమిషంలో చెప్పేస్తాను. 1986లో, చెర్నోబిల్ పేలిన ఏడాదే, 'ముప్పు సమాజం' అనే పుస్తకం తెచ్చాడు. పేదరికం కింది మెట్లలోనే ఉంటుంది గానీ, పొగ, విషం అందరి మీదా పడతాయి అని ఆయన వాదన. రాయ్‌పూర్‌లో మేడమీద బట్టలు ఆరేసిన ఆడవాళ్లెవరైనా దీన్ని సగం ఒప్పుకుంటారు. ఉర్లా, సిల్‌తరా ఫ్యాక్టరీల మసి అధికారి మేడ మీదా, ఖలాసీ రేకుల మీదా ఒకేలా పడుతుంది. మిగతా సగం మాత్రం తేడా ఉంది. అధికారి మేడ కడిగేది ఎవరు? కొలిమి నోటి దగ్గర నిలబడేది ఎవరు? మసి ఎవరినీ వదలదు, ఒకరిని మాత్రం కాల్చి మరీ వదులుతుంది.

ఆడవాళ్లు అన్నాను గనక, ఈ గేటు లెక్కలో మా అమ్మ ఎక్కడుంది? నౌకరీలో లేదు, కామ్‌లో లేదు. రైల్వే పాసు మీద ఆమె 'ఆధారపడిన వ్యక్తి'. మార్క్ గ్రానొవెట్టర్ అనే అమెరికన్ 1973లో ఒక వ్యాసం రాశాడు. ఉద్యోగాల కబురు దగ్గరి చుట్టాల కన్నా ముఖపరిచయం ఉన్నవాళ్ల దగ్గర నుంచే ఎక్కువ వస్తుందని చెప్పాడు. మా నాన్న తరం మటుకు ఇది తప్పని నిరూపించింది, వాళ్లందరినీ మేనమామలే తెచ్చారు. మా చెల్లెలి దగ్గరికి వచ్చేసరికి గ్రానొవెట్టర్ గెలిచాడు. అమ్మ కాలనీ ఆడవాళ్లతో చీటీ నడిపేది. ఆ చీటీలో ఉన్న ఒక ఛత్తీస్‌గఢీ అమ్మగారి తమ్ముడి భార్య చెప్పిన కబురుతో చెల్లెలికి బడిలో టీచరు పని దొరికింది. మగవాళ్లు చుట్టరికంతో ఖలాసీలయ్యారు, ఆడవాళ్లు చీటీతో ఊరిని కలుపుకున్నారు. ఇన్నేళ్లు ఇంత చేసినామె 'ఆధారపడిన వ్యక్తి' అట!

నాన్న రిటైరయ్యాక నియమం ప్రకారం కొన్ని నెలల్లో క్వార్టరు ఖాళీ చేశాం. అందరిలాగే దగ్గర్లోనే స్థలం కొని ఇల్లు కట్టుకున్నాం. బొబ్బిలి వెళ్లిపోదామని ఇరవయ్యేళ్లుగా అనుకున్న మాట ఆ ఇంటి గృహప్రవేశంతో ఆగిపోయింది. నవంబరు 1 వస్తే మా నాన్న తమాషాగా, "ఇవాళ మనకి రెండు రాష్ట్రాల పుట్టినరోజురా" అనేవారు. 1956లో ఆంధ్రప్రదేశ్, 2000లో ఛత్తీస్‌గఢ్, రెండూ అదే తేదీ.

దసరాకు మాత్రం రెండు ఊళ్లూ కావలసిందే. డబ్ల్యూఆర్ఎస్ మైదానంలో కాల్చే రావణుడు వంద అడుగులు దాటి ఉంటాడు. రాయ్‌పూర్ అంతా అక్కడికే వస్తుంది, మంత్రులు వస్తారు. మన పల్లెల్లో రావణుణ్ణి కాల్చే ఆచారం లేదు. మా నాయనమ్మ మొదటిసారి చూసి, "పండగ పూట బామ్మణ్ణి తగలెయ్యడమేటి?" అని దడుచుకుంది. కానీ ఆ వేల జనంలో, నిప్పంటుకునే క్షణాన, అందరి ఒంట్లోనూ ఒకటే జలదరింపు. గుంపులు ఇలాంటి క్షణాల్లోనే తమకు తాము కట్టుబడతాయని ర్యాండల్ కాలిన్స్ 2004లో ఒక పుస్తకం రాశాడు. ఆ ఒక్క నిమిషం గేటుకు ఇవతలా అవతలా లేదు.

ఆ మర్నాటికే సామాన్లు సర్దుడు. విజయదశమి తర్వాత వచ్చే మంగళవారం విజయనగరంలో పైడితల్లి అమ్మవారి సిరిమాను పండగ. రాయ్‌పూర్‌లో రావణుణ్ణి చూసి, రైలెక్కి, సిరిమానుకు అందుకోవడం మా వాళ్ల లెక్క. నాన్న ఆఖరిసారి వెళ్లిన ఏడాది నేనూ ఉన్నాను. ఆయన రిటైర్డ్ పాసు మీద స్లీపరులో కిటికీ పక్కన. కాలిన చెయ్యి అన్న అదే బండిలో జనరల్ డబ్బాలో, టికెట్టు కొనుక్కుని, సంచుల మధ్య నిలబడి. స్లీపరులోకి రమ్మంటే, "టీసీ వస్తే మీకు మాట వస్తాది బాబాయ్" అని రాలేదు. రాయగడలో బండి ఆగింది. తెల్లవారుతోంది. అన్న ప్లాట్‌ఫారం మీద పరుగెత్తుకుంటూ వచ్చి, కిటికీ ఊచల్లోంచి రెండు టీలు అందించాడు. ఒకటి నాన్నకు, ఒకటి నాకు. డబ్బులివ్వబోతే ఆ మచ్చల చెయ్యి వెనక్కి తీసుకుని, మళ్లీ పరుగెత్తుకుంటూ బండి వెనక్కి వెళ్లిపోయాడు.